నల్లరేగడిలో వాన

వర్షర్తువును వర్ణించిన కవులపై నాకొక పాతకోపము కలదు. మేఘగర్జనమును, మయూరనృత్యమును, తొలిచినుకుల మృత్తికాసౌరభమును పద్యమునకొకటి చొప్పున పంచిపెట్టిన ఆ మహానుభావులలో ఒక్కరైనను మా చందర్లపాటి నల్లరేగడిలో, మృగశిరకార్తె వాన వెలిసిన మఱునాడు, పొలముగట్టున పది అడుగులు నడచిన జాడ లేదు. అడుగునకొక వీశెడు బురద కాలినంటుకొనును. చెప్పులు విడిచి చేతబట్టుకొందుమా, అరికాళ్లక్రింద చెప్పులంత మన్ను మఱల మొలచును. వేసవిలో నెఱ్ఱెలు విచ్చి చేతికఱ్ఱను మ్రింగు నేలయే, నాలుగు చినుకులు పడగానే బాటసారి పాదములు పట్టుకొని విడువదు.

బెజవాడనుండి నా కవిమిత్రుడొకడు పల్లెవాన చూడవలెనని వేడుకపడి వచ్చెను. ఆతని బూట్లను మా పాలేరు గునపముతో పెకలించి యిచ్చెను. మిత్రుడు సెలవు పుచ్చుకొని పోయి, ఆ వానమీదనే ఒక ఖండకావ్యము వ్రాసి, సభలో శాలువ కప్పించుకొనెను. అందు మట్టివాసన కలదు, కప్పల బెకబెకలు కలవు; బూట్ల ప్రస్తావన లేదు, గునపము లేదు, పాలేరు అసలే లేడు. ఆ కావ్యమును నేనిప్పటికిని క్షమింపలేదు.

అట్లని వాన వలదనువాడను కాను. పత్తియు మిరపయు వేసినవానికి ఆకాశము తప్ప వేఱు దిక్కెక్కడ? ఆరుద్రకార్తెలో చినుకు రాకున్న మా మొగములు మాడును. ఆ చినుకే చిత్త, స్వాతి కార్తెలలో, కాయ పగిలి దూది విచ్చుకొన్నవేళ, పిలువని చుట్టమై దిగెనా, తెల్లని పత్తి నల్లబడి, కొనవచ్చినవాడు మొగము త్రిప్పుకొనును. ఒక వానను పిలుతుము, ఒక వానను తిట్టుదుము. మునేరను ఏటికి ఈ భేదము తెలియదు గనుక, 2023 జూలైలో పొంగి ఐతవరమువద్ద హైదరాబాదు రహదారినే నిలిపివైచినది.

ఈ బురదనే వెదకికొని వచ్చువారును కలరు. మా మండలములోనే కృష్ణయొడ్డున నున్న గుడిమెట్ల ఒకనాడు చాగివంశపు ప్రభువుల రాజధాని. అచ్చట వాన కురిసి కొండవాలున పైమన్ను కొట్టుకొనిపోగానే, వజ్రములు బయటపడునను ఆశతో ఎక్కడెక్కడి జనులో పిల్లాజెల్లాతో వచ్చి, చెట్లక్రింద వంటలు చేసికొనుచు, వంచిన తల యెత్తక రాళ్లు వెదకుదురు. ఎవరికో దొరికినదని యేటేట వినుచునే యుందుము. ఆ దొరికినవాడెప్పుడును ప్రక్కయూరివాడే. ప్రక్కయూరిలో విచారించితిమా, వాడు చందర్లపాటివాడని చెప్పుదురు.