అమ్మ ఏడున్నరకి ఫోనెత్తింది

నవంబరు మొదటి ఆదివారం వచ్చిందంటే ఇక్కడ న్యూజెర్సీలో గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. అప్పటినుంచి మళ్లీ మార్చి రెండో ఆదివారం దాకా మాకూ తెనాలికీ తేడా తొమ్మిదిన్నర గంటలు కాదు, పదిన్నర. వేసవిలో రాత్రి తొమ్మిదికి ఫోను చేస్తే అమ్మకు పొద్దున ఆరున్నర. స్నానం చేసి, తులసమ్మ దగ్గర దీపం పెట్టి, పూజకు కూర్చునే ముందు నాతో పది నిమిషాలు మాట్లాడేది. చలికాలంలో అదే తొమ్మిదికి చేస్తే అక్కడ ఏడున్నర. పూజ వేళ. ఫోను మోగి మోగి ఆగిపోయేది. అందుకని చలికాలమంతా ఎనిమిదికే చేసేదాన్ని. పొయ్యి మీద కూర ఉన్నా, మావాడి హోంవర్క్ సగంలో ఉన్నా, ఆఫీసు పని తెమలకపోయినా సరే. ఏళ్ల తరబడి అలాగే నడిచింది.

నిరుడు నవంబరులో మరిచిపోయి తొమ్మిదికే చేశాను. రెండో రింగుకే ఎత్తింది.

"పూజయిపోయిందా?" అన్నాను.

"తర్వాత చేసుకుంటాలేవే. దేవుడెక్కడికి పోతాడు? ఎనిమిదింటికి నీకు హడావిడి. ఇకనుంచి తొమ్మిదికే చెయ్యి."

ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఆ మాట అన్నది మా అమ్మేనా అనిపించింది.

2003లో అమ్మ ఆరు నెలలు మా దగ్గరుంది. దారి పొడుగునా అరటిపళ్లూ, ఇంటినుంచి తెచ్చుకున్న అటుకులూ తప్ప విమానంలో పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. అప్పుడు మేమున్న అపార్టుమెంటులో బాల్కనీలో బట్టలారేయనిచ్చేవారు కాదు. అమ్మ మడిచీర బాత్రూములో షవర్ కర్టెన్ కట్టే రాడ్ మీద ఆరేది. పొరపాటున నా చెయ్యి తగిలితే మళ్లీ తడిపి ఆరేసుకునేది. ఫ్రిజ్‌లో పెట్టినది తినదు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. తను వండుకున్నంతసేపూ నేను వంటింటి గడప దాటకూడదు. నా ఇంట్లో, నా వంటింటి బయట నిలబడి, ఈవిడ ఎప్పటికీ మారదు అని ఎన్నిసార్లు అనుకున్నానో.

నాలుగేళ్ల క్రితం అమ్మ పడింది. తుంటి ఎముకకు ఆపరేషనయింది. పొయ్యి ముందు నిలబడే ఓపిక పోయింది. వండిపెట్టడానికి ఒక అమ్మాయిని కుదిర్చాం. మడి ఎరగని ఇంటి పిల్ల. వారం రోజులు అమ్మ పాలూ పళ్లతోనే గడిపింది. ఎనిమిదోనాడు, "కాస్త చారు పెట్టవే అమ్మాయ్" అని తనే అడిగిందట. ఆ వారంలో ఆవిడ మనసులో ఏం జరిగిందని ఎన్నిసార్లు అడిగినా నాకు చెప్పలేదు. ఇప్పుడు అదే పొయ్యి మీద ఆ పిల్ల తన కూరలో వెల్లుల్లి వేసుకుంటుంది. వాళ్లిద్దరూ ఒకే గదిలో కూర్చుని తింటారు. మోకాళ్లు వంగని వయసులో అమ్మ వంగింది. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతను నేను ఇక ఎవరి దగ్గరా వాడను.

నా కథ దీనికి తలకిందులు. 1999లో వచ్చాం. అంతకుముందు సంవత్సరమే హెచ్-1బీ వీసాలను ఏటా 65,000 నుంచి 1,15,000కి పెంచారు. వైటూకే పనుల కోసం వచ్చిన ఆ వరదలో మావారూ ఒకరు. ఎడిసన్‌లో ఒక్క బెడ్‌రూమ్ అపార్టుమెంటులో రెండు జంటలం ఉండేవాళ్లం. మా వంతు హాలు. నా వెంకటగిరి చీరే మాకు తెర. గుంటూరులో రెండేళ్లు పాఠాలు చెప్పి వచ్చినదాన్ని, భర్త వీసా వెంట వచ్చే హెచ్-4 మీద ఉద్యోగం చేయకూడదు. ఆ నిబంధనను కొందరికి సడలించింది 2015లో. అప్పటికి మా గ్రీన్ కార్డూ వచ్చేసింది, నా ఉద్యోగమూ మొదలైంది. ఆ తొలినాళ్లలో అందరూ నన్ను మెచ్చుకునేవారు, "ఎంత సర్దుకుపోతుందో!" అని. నేనూ నమ్మాను, అది నా గుణమని. ఇప్పుడు చూస్తే అందులో గుణమేమీ లేదు. గతిలేక సర్దుకున్నాను. వేరే దారి ఉంటే ఆ చీర తెర వెనక ఒక్క రాత్రయినా పడుకునేదాన్ని కాదు.

దారులన్నీ తెరుచుకున్నాకే నేను బిగుసుకున్నాను. యాభయ్యారేళ్లు నాకు. పొద్దున నా స్టీలు ఫిల్టరులో దిగిన డికాక్షనే కావాలి. చీకటి పడితే కారు తీయను. పరాయి ఇంట నిద్రపట్టదు.

పోయిన ఏడాది సియాటిల్‌లో మావాడింటికి వెళ్లాను, ఫిల్టరు సూట్‌కేసులో పెట్టుకుని మరీ. పిల్లలిద్దరూ ఆఫీసుకు పోయాక వంటిల్లు సర్దాను. పప్పుల డబ్బాలు కింది అరలోకి, పోపుల డబ్బా పొయ్యి పక్కకి, గిన్నెలన్నీ నా చేతివాటానికి. సహాయం చేస్తున్నాననే అనుకున్నాను. సాయంత్రం కోడలు వచ్చి ఒక అర తెరిచింది. మూసింది. ఇంకోటి తెరిచింది. గరిటె చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"ఉప్పు ఎక్కడుందత్తయ్యా?"

తన వంటింట్లో తను. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. షవర్ రాడ్ మీద ఆరుతున్న మడిచీర గుర్తొచ్చింది. గడప బయట నిలబడ్డ నేను గుర్తొచ్చాను. మర్నాడు తనను పక్కన నిలబెట్టుకుని, ఏది ఎక్కడుండేదో అడిగి అన్నీ యథాస్థానంలో పెట్టాను. పోపుల డబ్బా ఒక్కటి పొయ్యి పక్కనే ఉండనివ్వమంది.

వచ్చే వారం తెనాలి వెళ్తున్నాను. నిన్న రాత్రి తొమ్మిదికి చేస్తే అమ్మ చెప్పింది, "ఆ ఫిల్టరు మోసుకురాకు. ఈ పిల్ల కాఫీ బాగా కలుపుతుంది. అదే తాగుదువుగాని."

సూట్‌కేసులో బట్టలు పెట్టేశాను. ఫిల్టరు ఇంకా వంటింటి గట్టు మీదే ఉంది.