సాగిన గొలుసు

టైరు పక్కన ఉండే అంకెల్ని చదవడం నాకు ముప్పయ్యో ఏట గానీ రాలేదు. 205/70 R15. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు గోడ ఎత్తు, ఆ వెడల్పులో ఎంత శాతమో. చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే వరసలో మిల్లీమీటర్లూ శాతాలూ అంగుళాలూ. కొలతల విషయంలో ఇంత అరాచకాన్ని నాన్న ఎలా సహించాడో మరి. నాన్న సర్వేయరు. నర్సీపట్నం చుట్టుపక్కల పొలాలు కొలిచేవాడు. గట్టు ఎక్కడుందన్న గొడవల్లో తలలు పగిలే ఊళ్ళకి గొలుసు పట్టుకుని వెళ్ళేవాడు.

ఆయన పోయాక మిగిలినవాటిలో నేను అడిగి తెచ్చుకున్నది జిప్సీ ఒక్కటే. 1.3 లీటర్ల పెట్రోలు ఇంజన్, నాలుగు వైపులా కమాన్‌కట్టలు, కుర్చీలో కూర్చుంటే నడుముకి ప్రతి గుంతా విడివిడిగా తెలుస్తుంది. మారుతి వాళ్ళు దాన్ని తయారు చేయడం ఎప్పుడో మానేశారు. హైదరాబాద్‌లో దాన్ని వేసుకుని ఆఫీసుకి వెళ్తే లిఫ్ట్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళు పలకరించేవారు. అలాగే ఒక గుంపు పరిచయమైంది. ఆదివారాలు తెల్లవారుజామునే వికారాబాద్ వైపు పోయి, బురదలో బళ్ళు దించి, తాళ్ళతో లాక్కుని, మధ్యాహ్నానికి బిర్యానీకి చేరే గుంపు.

మొదటి వానాకాలంలోనే ఇరుక్కుపోయాను. చక్రాలు చేసిన గాడిలోకి బండి దిగి, వెనక ఇరుసు మధ్యలో బోర్లించిన చెంబులా ఉండే డిఫరెన్షియల్ మట్టి మీద కూర్చుంది. చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. లాగడానికి వచ్చినతను నవ్వుతూ "ఇవి సైకిల్ టైర్లండీ" అన్నాడు. వాళ్ళ మాటల్లో ఒక నిజముంది. బాడీని ఎంత పైకి లేపినా ఇలాంటి ఇరుసు బండికి ఆ చెంబు పైకి లేవదు, అది చక్రం మధ్యలోనే ఉంటుంది కాబట్టి. దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే.

ఆ రాత్రి లెక్క వేశాను. పాత టైరు ఎత్తు 668 మిల్లీమీటర్లు. 235/75 R15 వేస్తే సుమారు 734. తేడాలో సగం కిందికి వస్తుంది, అంటే 33 మిల్లీమీటర్లు. మన చిటికెన వేలు రెండు కణుపులంత. దానికోసం నా నెల జీతంలో సగం పైనే పెట్టాను.

టైర్ల షాపతను నిజాయితీగానే చెప్పాడు. "మేడమ్, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే తగుల్తది. షాకిల్స్ మార్చి రెండు ఇంచులు లేపాలె." లేపించాను. పాత టైర్లు అమ్మేస్తారా అని అడిగితే ఎందుకో వద్దన్నాను. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పెట్టాను, మొక్కలు పెంచుతానని చెప్పి. (పెంచలేదు.) ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుందని అప్పటికే చదివాను. చదివి ఏం చేశాను? అందరూ చేయిస్తున్నారు కదా అనుకున్నాను. ఇన్సూరెన్స్ కాయితం తీసి మళ్ళీ చూసుకోలేదు.

బండి మాత్రం అదిరిపోయింది. సిగ్నల్ దగ్గర ఆటోల టాపులు కనబడుతుంటే వచ్చే గర్వం గురించి ఎవరూ రాయరెందుకో.

కార్తీకమాసంలో ఊరికి బయల్దేరాను. జిప్సీలో నాన్న ఒక నోట్‌బుక్ పెట్టుకునేవాడు. తారీఖు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, మీటరు మొదలు, మీటరు చివర, పెట్రోలు. ఇరవై ఏళ్ళ రాతలు. ఆయన పోయాక నేనూ అదే పుస్తకంలో రాస్తున్నాను, నా వంకర దస్తూరీతో. రాజమండ్రి దాటాక హైవే మీద రాళ్ళు చూసుకుంటూ సరిగ్గా వంద కిలోమీటర్లు లెక్కపెట్టాను. మీటరు 91 చూపించింది.

ఇది నాకు తెలియాల్సిందే. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది, మీటరు చుట్టుల్నే లెక్కపెడుతుంది. స్పీడో ముల్లు 80 దగ్గరుంటే నేను 88లో పోతున్నాను. తెలిసినా, పుస్తకంలో ఆ అంకె వేయడానికి చెయ్యి రాలేదు. చిన్నప్పుడు నాన్న నాకు ఒక లెక్క చెప్పేవాడు. సర్వే గొలుసు 66 అడుగులు, వంద లింకులు. ఏళ్ళ తరబడి లాగీ లాగీ గొలుసు కొంచెం సాగుతుంది. సాగిన గొలుసుతో కొలిస్తే పొలం పెరుగుతుందా తగ్గుతుందా? పెరుగుతుందని నేను ప్రతిసారీ తప్పు చెప్పేదాన్ని. తగ్గుతుంది. గొలుసు పొడుగైంది కాబట్టి తక్కువసార్లు పడుతుంది. అందుకే ఆయన కొలతకి ముందు గొలుసునే కొలిచేవాడు. తేడా ఉంటే పుస్తకంలో ఒక గీత గీసి, పక్కన సవరణ వేసేవాడు.

మర్నాడు తెల్లవారకుండానే ఒక్కదాన్నే లంబసింగి వెళ్ళాను. ఎక్కేటప్పుడే తేడా తెలిసింది. నాన్న మూడో గేరులో ఎక్కే వంపుల్లో నాకు రెండో గేరు పడుతోంది. చిన్న ఇంజన్, పెద్ద చక్రం. దిగేటప్పుడు ఇంకో పాఠం. గేరులో వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచాలి కదా, ఆ పట్టు తగ్గింది. పదే పదే బ్రేకు మీద కాలు. ఓ మలుపులో ఎదురుగా బస్సు, నేను నొక్కినచోట కాక ఇంకాస్త ముందుకెళ్ళి ఆగింది బండి. డ్రైవరు ఏమీ అనలేదు, ఊరికే చూశాడు. పక్కకి తీసి ఆపితే చక్రాల దగ్గర కాలిన వాసన. అరగంట అక్కడే కూర్చున్నాను. చలికి వణికానని ఇంట్లో చెప్పాను.

సోమవారం అమ్మని బలిఘట్టం తీసుకెళ్ళాలి. కార్తీక సోమవారం అక్కడ వరాహనదిలో దీపం వదలడం వాళ్ళిద్దరి అలవాటు, జిప్సీ కొన్నప్పట్నుంచీ. అమ్మ జరీ అంచు చీర కట్టుకుని, పళ్ళెం పట్టుకుని బయటికొచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "ఏటే, ఇంత పెరిగిపోయింది?"

పళ్ళెం నేను తీసుకున్నాను. తలుపు పిడి పట్టుకుంది. కాలు ఎత్తింది. అందలేదు. రెండోసారి చీర కొంచెం పైకి పట్టుకుని ఎత్తింది. మోకాలు సగంలో ఆగిపోయింది. 33 మిల్లీమీటర్లూ, ఆ పైన షాకిల్స్ తెచ్చిన రెండంగుళాలూ. ఎదురింటి అరుగు మీద వాళ్ళు చూస్తున్నారు. నేను కింద నుంచి పట్టుకోబోతే చెయ్యి తోసేసింది.

"నాకెందుకులే. నువ్వెళ్ళు, నేను ఇంట్లోనే పెట్టుకుంటాను దీపం."

చివరికి ఆటోలో వెళ్ళాం. దారంతా ఆమె మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నదిలో దీపం వదిలాక మాత్రం, అటు చూస్తూనే అంది: "మీ నాన్న బురదొస్తే చక్రాల్లో గాలి కొంచెం తీసేవారు. మళ్ళీ రోడ్డెక్కాక పంపుతో కొట్టుకునేవారు. ఆ పంపు పట్టుకుని నిలబడ్డం నా పని."

ఎప్పుడు ఇరుక్కున్నారని అడిగాను. ఒకసారి చింతపల్లి దగ్గర, రాత్రి, వానలో, నేను కడుపులో ఉండగా. ఆ సైకిల్ టైర్లతోనే బయటపడ్డారట. గాలి తీస్తే టైరు నేల మీద పరుచుకుని పట్టు దొరుకుతుందని ఇప్పుడు నేను వివరించగలను. వివరించలేదు.

హైదరాబాద్ తిరిగొచ్చి షాకిల్స్ తీయించేశాను. 235లు వేసిన ధరలో సగానికి పోయాయి. పాతవి మళ్ళీ వేద్దామంటే, టెర్రస్ మీద ఎండకి గోడలు నెర్రెలిచ్చాయి. 205ల కోసం మూడు షాపులు తిరిగి, అవి దొరుకుతున్నా 215/75లు తీసుకున్నాను. ఎందుకని అడిగితే సరైన జవాబు లేదు. కిందికి 18 మిల్లీమీటర్లు వస్తాయి. లేపకుండానే సరిపోతాయి. ఇవీ ఆర్సీలో ఉన్న కొలత కాదు. పూర్తిగా నాన్న బండిలా ఉంచడం నాకు ఇష్టం లేదేమో.

ఈసారి వంద కిలోమీటర్లకి మీటరు 95 చూపించింది. పుస్తకంలో పెద్ద టైర్ల పేజీల పక్కన ఎర్ర సిరాతో గీత గీసి సవరణలు వేశాను. కొత్తవాటికి ఇంకో గీత, ఇంకో అంకె.

చివరి సోమవారానికి మళ్ళీ ఊరెళ్ళాను. వెనక సీట్లో ఒక ప్లాస్టిక్ స్టూలు పడేశాను. అమ్మ దాన్ని చూసి ఏమీ అనకుండా ఎక్కింది, మొదటి ప్రయత్నంలోనే, ఒక చెయ్యి పిడి మీద, ఒక చెయ్యి నా భుజం మీద. ఊరి చివర గతుకుల దగ్గర వెనక్కి తిరిగి చూసింది.

"ఆ స్టూలు గడగడలాడుతోంది. తాడుతో కట్టలేదేటే?"