నాన్నగారి జావా

మా యింటి పెరట్లో, నూతి పక్కన, రేకుల పాక కింద ఒక మోటారు సైకిలు వున్నది. 1975 నుంచీ అది అక్కడే వున్నది. ఆరో తరగతి చదువుతున్న మా మనవడు సెలవులకు వచ్చినప్పుడల్లా దాని మీద ఎక్కి కూచుని, నోటితోనే చప్పుడు చేస్తూ భీమిలీ, అరకూ తిరిగి వస్తూవుంటాడు. మొన్న వేసవిలో వాడు, "తాతా, దీన్ని నిజంగా నడిపించలేమా?" అని అడిగాడు.

"లేమురా. అది చచ్చిపోయిన బండి," అన్నాను.

"ఎలా చచ్చిపోయింది?"

నేను జవాబు చెప్పలేదు. జవాబు తెలియక కాదు.

మా నాన్నగారు హిందూస్థాన్ షిప్ యార్డులో వెల్డరుగా పనిచేసేవారు. 1948లో "జలఉష" అనే ఓడను సముద్రంలోకి దింపిన యార్డు అదే. మేము దానికి దగ్గరనే, మల్కాపురంలో వుండేవాళ్లం. 1968లో ఆయన యీ జావా కొన్నారు. జావా అసలు పుట్టినది చెకోస్లవేకియాలో. 1961 నుంచి మన దేశంలో, మైసూరులో కూడా తయారయింది. ఆ కర్మాగారం 1996లో మూతపడింది. ఒకే సిలిండరు వున్నా దీనికి పొగగొట్టాలు రెండు. ఇంకొక తమాషా ఏమంటే, గేరు మార్చే కడ్డీనే వెనక్కు తిప్పితే కిక్ కొట్టే కడ్డీ అవుతుంది. మా వీధి పిల్లలందరం ఆ తమాషా చూడటానికి పొద్దున్నే గుమిగూడేవాళ్లం.

యీ బండి గురించి మీరు ముఖ్యంగా తెలుసుకోవలసినది ఒకటి వున్నది. బుల్లెట్ లాంటి బండ్లలో ఆయిలుకు వేరే చోటు వుంటుంది. జావాలో అలా కాదు. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. పాతిక పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు. పెట్రోలు మండిపోతుంది, ఆయిలు లోపల పిస్టనుకూ సిలిండరుకూ మధ్య పలచని పొరగా నిలుస్తుంది. ఆ పొర లేకపోతే ఏమవుతుందో కాస్సేపట్లో చెబుతాను.

నేను పదో తరగతిలో వుండగా, ఒక శనివారం సాయంత్రం నాన్నగారు నాకు డబ్బులిచ్చి, "బండి నడిపించుకుంటూ తీసుకుపోయి పెట్రోలు పోయించుకురా. ఆయిలు మరిచిపోకు," అన్నారు. నేను మరిచిపోలేదు. ఆయిలు డబ్బులతో జగదాంబలో సినిమా చూడవచ్చునని లెక్క వేసుకున్నాను. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. పెట్రోలు మాత్రం పోయించాను.

మర్నాడు ఆయన భీమిలి దారిన పోతూవుంటే, యింజను ఉన్నపాటున బిగుసుకుపోయింది. వెనక చక్రం తిరగడం మానేసింది. బండి జారి ఆయన పడిపోయారు. మోకాలు చితికింది. ఒక లారీవాడు ఆయన్నీ బండినీ ఎక్కించుకు వచ్చి మా వాకిట్లో దింపాడు. "తప్పు నాదే. ఎండలో ఏకబిగిన తోలాను. బండిని కాస్త చల్లారనివ్వలేదు," అన్నారు నాన్నగారు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. నోరు విప్పలేదు.

తరవాత మా అక్క పెళ్లి వచ్చింది. ఆ తరవాత నా కాలేజీ ఖర్చులు. నాన్నగారు ఎప్పుడైనా, "వచ్చే నెల మేస్త్రీకి చూపిద్దాం," అంటే, నేనే, "ఎందుకు నాన్నా దండగ, బస్సు వుందిగా," అనేవాణ్ణి. మేస్త్రీ విప్పి చూస్తే నా సంగతి బయటపడుతుందని నా భయం. ఆయన ఆ మోకాలితోనే, రిటైరయ్యేదాకా బస్సులోనే యార్డుకు వెళ్లివచ్చారు. 2003లో పోయారు.

ముప్ఫై యేళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పాను. అబద్ధం ఆడినవాడికి గోడకుర్చీ వేయించాను. పెరట్లోకి వెళ్లినప్పుడు మాత్రం ఆ పాక వేపు చూసేవాణ్ణి కాను.

మనవడు వదలలేదు. చివరికి, నా దగ్గరే చదువుకుని ఇప్పుడు గాజువాకలో షెడ్డు పెట్టుకున్న ఒక మెకానిక్కును పిలిపించాను. అతను కిక్ కడ్డీ మీద నిలబడ్డాడు. అది చీమంతైనా కదలలేదు.

"ఉప్పుగాలి, మాస్టారూ," అన్నాడు.

నిజమే. ఇనుముకు గాలీ తేమా తగిలితే తుప్పు పడుతుంది. అది బ్యాటరీలో జరిగేలాంటి పనే, కాకపోతే మరీ చిన్నది. ఉప్పు తేమను లాక్కుంటుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పోతుంది గనక తుప్పు త్వరపడుతుంది. పైగా తుప్పు, అసలు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేత దగ్గరగా అమర్చిన భాగాలు బిగదీసుకుపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్ హుద్ తుఫానుకు పాక రేకులన్నీ ఎగిరిపోయి, బండి రెండు రోజులు ఆ వానలోనే నానింది కూడాను.

సుత్తితో కొట్టి కదిలిద్దామన్నాడు మా వాడు. మెకానిక్కు నవ్వి, ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి డీసెలూ ఆయిలూ సగం సగం కలిపి పోశాడు. రోజూ పొద్దునా సాయంత్రమూ బండిని గేరులో పెట్టి ముందుకూ వెనక్కూ ఊపమన్నాడు. ఆ పని మా వాడు భక్తితో చేశాడు. అయిదో రోజున చక్రం గోరంత కదిలింది. వాడి కేకకు నూతి మీది కాకులు లేచిపోయాయి.

ఈలోగా కార్బురేటరు విప్పాం. పెట్రోలు ఎండి తుమ్మబంకలా పట్టుకుని వున్నది. సన్నని రంధ్రాలన్నీ గుండుసూది దూరకుండా మూసుకుపోయాయి. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లను సన్నని గరుకు కాగితంతో రుద్దాం. సిలిండరు అడ్డుకొలత 65 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 75. ఘనపరిమాణం ఎంతో కట్టమంటే, మా వాడు రెండు సార్లు తప్పి, మూడోసారి 249 ఘనపు సెంటీమీటర్లని చెప్పాడు.

ఆరో రోజున సిలిండరు ఊడి వచ్చింది. మెకానిక్కు పిస్టనును గుడ్డతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూశాడు. పక్కల నిలువునా గాట్లు. సిలిండరు గోడకు తెల్లని లోహం పులిమినట్టు అంటుకుని వున్నది.

"యిది తుప్పు పని కాదు, మాస్టారూ. ఆయిలు లేకుండా తోలారు," అన్నాడు.

పిస్టను అల్యూమినియం, సిలిండరు పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం, ఇనుముకన్న రెట్టింపు వ్యాకోచిస్తుంది. మధ్యన ఆయిలు లేకపోతే రాపిడికి వేడి పెరిగి, పిస్టను ఉబ్బి గోడను పట్టేస్తుంది. యిది నేను ఎన్నోసార్లు నల్లబల్ల మీద రాసిన పాఠమే.

"ఆయిలు ఎవరు పొయ్యలేదు తాతా?" అన్నాడు మా వాడు.

"నేను," అన్నాను. జరిగినదంతా చెప్పాను. మెకానిక్కు తలవంచుకుని గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వుండిపోయాడు.

మా అమ్మకు ఎనభై అయిదేళ్లు. వరండాలో చేటలో బియ్యం ఏరుకుంటున్నది. ఆమె విన్నదని నాకు అప్పుడు తెలిసింది. చాలాసేపు ఏమీ అనలేదు.

"అడ్డదిడ్డంగా తోలి కాలు విరగ్గొట్టుకున్నారని ఆయన్ని పోయేదాకా దెప్పానురా," అన్నది. "నువ్వు చెప్పి వుంటే అనేదాన్ని కాదు కదా."

మళ్లీ బియ్యం ఏరుకోసాగింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ సైజు కంటె అర మిల్లీమీటరు పెద్ద పిస్టను తెప్పించి, దానికి సరిపడా సిలిండరు బోరు చేయించడానికి మూడు వారాలు పట్టింది. కాగితాలు సరిచేయించనిదే రోడ్డు ఎక్కకూడదు గనక, పెరట్లోనే చూద్దామన్నాం. నేను లీటరు పెట్రోలు తెచ్చాను. మా వాడు మందుల గ్లాసు పట్టుకుని, "లీటరుకు పాతికో వంతంటే నలభై మిల్లీలీటర్లు, అవునా?" అన్నాడు.

"అవును. ముందు ఆయిలు కలుపు, తరవాతే పొయ్యి."

వాడు గ్లాసును కంటికి ఎదురుగా పెట్టి, గీత దాకా వచ్చిందో లేదో చూసి, నాకు చూపించాడు. తరవాత వరండాలోకి వెళ్లి మా అమ్మకు చూపించాడు. ఆమెకు గీత కనిపించదు. అయినా తల వూపింది.

మెకానిక్కు పదిహేనుసార్లు కిక్ కొట్టాడు. పదహారోసారి యింజను తుమ్మింది. ఇంకో రెండింటికి అందుకున్నది. రెండు గొట్టాల్లోంచీ నీలిపొగ లేచి పెరడంతా కమ్మేసింది. మా అమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది గాని, లోపలికి మాత్రం వెళ్లలేదు.