కిరాయి పోయింది, ఇజాజత్ మిగిలింది

మన ఇళ్లల్లో ఆడవాళ్ల సఫర్ అంటే ఎక్కడికి? లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు. మైకాకి, దవాఖానాకి, దర్గాకి, షాదీకి, మయ్యత్‌కి. షాదీకీ మయ్యత్‌కీ ఎవరూ అడ్డం చెప్పరు. దవాఖానాకి బుఖార్ ముదిరినంక తీసుకుపోతారు. దర్గాకి మన్నత్ ఉంటే సరే. ఇక మిగిలింది మైకా. "మొన్ననే పోయొస్తివి గదా" అన్న మాట పడేది దాని మీదే.

మా అమ్మీ జనగామలో ఉంటుంది. ఆపాని మహబూబాబాద్ ఇచ్చాం. అక్కడివాళ్లు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. చెల్లెది భూపాలపల్లి, బహెనోయి సింగరేణిలో కాంట్రాక్టు పని. ఈ మూడు ఊళ్లూ ఒకప్పుడు ఒక్క వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబర్ 11న మూడూ మూడు జిల్లాలకు హెడ్‌క్వార్టర్లయినయ్. ఆర్టీసీ లెక్కలో మాత్రం మూడు డిపోలూ ఇంకా వరంగల్ రీజియన్ కిందే ఉన్నయ్. మానుకోట నుంచి జనగామకి రైలన్నా ఉంది. భూపాలపల్లికి రైలు లేదు. చెల్లె అమ్మీని చూడాలంటే పరకాల మీదుగా హన్మకొండ వచ్చి, అక్కడ బస్సు మారి, ఘన్‌పూర్, రఘునాథపల్లి దాటి జనగామ చేరాలి.

రెండు బస్సుల కిరాయి. పిల్లలకు హాఫ్ టికెట్లు. మళ్లీ తిరుగు కిరాయి. మైకాకి ఖాలీ హాత్ పోతారా, కాసిన్ని పండ్లన్నా కొనాలి. ఈ పైసలన్నీ ఒకరి జేబులోంచి రావాలి. ఆ జేబు ఆమెది కాదు. అందుకే ముందు వారం రోజులు మూడ్ చూసుకోవాలి, కూర బాగా కుదిరిన రోజు మాట తీయాలి. చెల్లె ఒకసారి నవ్వుతూ చెప్పింది: "భాయ్, నేను అమ్మీ కోసం ఏడ్చింది తక్కువ. కిరాయి అడగడానికి సోచాయించింది ఎక్కువ."

ఈ ఎర్ర బస్సుకి మనతో పాత రిష్తా ఉంది. 1932 జూన్ 15న నిజాం సర్కార్ రైలు శాఖతో కలిపి రోడ్డు బస్సులు మొదలుపెట్టింది. అప్పుడు 27 బస్సులు, 166 మంది ములాజిములు. 1951లో ఆ బస్సులు హైదరాబాద్ స్టేట్ సర్కార్ చేతికి వచ్చినయ్. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. తెలంగాణ వచ్చాక టీఎస్‌ఆర్టీసీ, 2024 నుంచి టీజీఎస్‌ఆర్టీసీ. పేర్లు ఎన్ని మారినా నంబర్ ప్లేటు మీద 'జెడ్' అక్షరం మాత్రం పోలేదు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన అమ్మీజాన్ జహ్రా బేగం పేరు బస్సులకు పెట్టమంటే, ఆమె పేరులోని మొదటి అక్షరం పెట్టారని బుజుర్గులు చెప్తారు. అబ్బా నాకీ మాట జనగామ బస్టాండ్‌లోనే చెప్పాడు. ఉర్దూ మీడియంలో చదివే నాకు తెలుగు అక్షరాలు గబగబా చదవడం వచ్చింది కూడా అక్కడే. బస్సు ఆగేలోపు బోర్డు చదివి చెప్పాలి. నానీకి తెలుగు రాదు. "బేటా, ఏ కౌన్సీ బస్?" అంటూ నా భుజం గిచ్చేది.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకూ ట్రాన్స్‌జెండర్లకూ తెలంగాణ అంతటా టికెట్ లేదు. తెలంగాణ అడ్రసున్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం పైసలు కట్టాల్సిందే. ఇది మన దగ్గరే పుట్టిన సంగతేం కాదు. ఢిల్లీలో 2019లో, తమిళనాడులో 2021లో, కర్ణాటకలో 2023 జూన్‌లో వచ్చింది. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలుపెట్టారు. మన దగ్గర 2025 జులైకల్లా జీరో టికెట్లు 200 కోట్లు దాటినయ్. ఆ 200 కోట్లలో మా ఆపావీ చెల్లెవీ కొన్ని ఉన్నయ్. ఇదివరకు ఈద్‌కీ బక్రీద్‌కీ వచ్చేవాళ్లు ఇప్పుడు అమ్మీకి షుగర్ పెరిగిందంటే తెల్లారే బయల్దేరుతున్నరు. చెల్లె పొద్దున వచ్చి, అమ్మీ తలకి నూనె పెట్టి, మాపటికి ఇల్లు చేరిన రోజులున్నయ్.

చాయ్ హోటల్లో కూర్చుంటే వేరే ముచ్చట వినిపిస్తది. "ఫ్రీ బస్ అని ఆడోళ్లు ఊరికే తిరుగుతున్నరు", "మొగోళ్లకు సీటు లేకుండా పోయింది" అని నవ్వుకుంటరు. అందులో మనవాళ్లూ ఉంటరు. ఇది ఖైరాత్ కాదు భాయ్. ఆ పైసలు సర్కార్ ఆర్టీసీకి ఇవ్వాలి. సర్కార్‌కి అవి మన టాక్సుల్లోంచి వస్తయ్, ఆమె కొనే సబ్బు మీద టాక్సు కూడా అందులో ఉంటది. ఊరికే తిరుగుతున్నరంటరా, అమ్మని చూడబోవడం ఊరికే తిరగడం ఎట్లయితది? జుమా బయానుల్లో సిలా రహ్మీ గురించి ఎన్నిసార్లు వినలేదు మనం? రిష్తాలు తెగకుండా చూసుకోవడం మొగోళ్లకే ఫర్జ్ అని ఏ మౌలానా చెప్పాడు?

సీట్ల తక్లీఫ్ నిజమే. పల్లెవెలుగు బస్సుల్లో పొద్దున, సాయంత్రం కాలు పెట్టే జాగా ఉండదు. స్కూలు పిల్లలు, కూలికి పోయేవాళ్లు, దవాఖానాకి పోయే ముసలమ్మలు అందరిదీ అదే బస్సు. కండక్టర్ ఆ గుంపులో దూరి ఒక్కొక్కరికీ జీరో టికెట్ కొట్టాలి. జనం పెరిగిన కొద్దీ బస్సులు పెరగాలి, డ్రైవర్లూ కండక్టర్లూ పెరగాలి. మనం అడగాల్సింది అది. ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఎన్ని జీరో టికెట్లు కొడితే దాని లెక్కనే ఆర్టీసీ సర్కార్‌ని పైసలడుగుతది. "ఎలాగూ ఫ్రీయే గదా" అని టికెట్ తీసుకోకపోతే ఆ సఫర్ లెక్కలోకి రాదు. టికెట్ అడిగి తీసుకోమని ఇంట్లో చెప్పండి.

బస్సు లేకపోతే ఏమైతదో 2019లో చూసినం. అక్టోబర్ 5 నుంచి నవంబర్ 25 దాకా, దాదాపు 48 వేల మంది ములాజిములు 52 రోజులు హర్తాళ్ చేశారు. ఆ రోజుల్లో ప్రాణాలు తీసుకున్న డ్రైవర్లూ కండక్టర్లూ ఉన్నారు. రిపోర్టర్‌గా డిపోల ముందు నిలబడి నేను రాసుకున్న నోట్‌బుక్కులు ఇంకా ఉన్నయ్. కారున్నోడు కార్లో పోయిండు. బైకున్నోడు బైకు మీద పోయిండు. ఆగిపోయింది ఆడవాళ్లూ ముసలోళ్లే. ఆర్టీసీని నష్టాల ఖాతా అనేవాళ్లు ఈ లెక్క కూడా రాయాలి.

ఇప్పుడు మన ఇంటి మాట. కిరాయి అనే బహానా పోయింది. అది పోయాక కూడా చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు కదలడం లేదు. అంటే అడ్డం నిలబడ్డది కిరాయి ఒక్కటే కాదన్నట్టు. ఇజాజత్ కూడా. "పిల్లల్ని ఎవరు చూస్తరు", "వంట ఎవరు చేస్తరు", "నలుగురు ఏమంటరు". మహ్రమ్ లేకుండా సఫర్ ఎట్లా అని అడిగేవాళ్లూ ఉన్నరు. ఆ మసలాలో ఆలిముల మాటలు ఒక్క తీరుగా లేవు, దాన్ని తేల్చేటంత ఇల్మ్ నాకు లేదు. కానీ అదే ఆడమనిషిని బీడీల పనికి, పరాయి ఇంట్లో గిన్నెలు తోమడానికి, పిల్లల ఫీజు కట్టడానికి పంపేటప్పుడు ఈ సవాల్ ఎవరూ అడగంగ నేను వినలేదు. అమ్మీ దగ్గరికి పోతానంటేనే గుర్తొస్తది.

మా అమ్మీ తన నికాహ్ అయినంక మైకాకి ఎన్నిసార్లు పోయిందో వేళ్ల మీద చెప్తది. ఏ ఈద్‌కి పోయింది, ఎవరి మయ్యత్‌కి పోయింది, ఏ సంవత్సరం పోలేకపోయింది, అన్నీ యాద్ ఉన్నయ్. తన బేటీల రాకపోకలు మాత్రం లెక్కపెట్టడం మానేసింది. అంతకన్నా పెద్ద ఖుషీ ఆమె మొహంలో నేను ఈ మధ్య చూడలేదు.

అందుకే చదివే భాయీలకు ఒక్క గుజారిష్. మీ ఇంట్లో ఆమె "అమ్మీ దగ్గరికి పోయొస్తా" అంటే ఎందుకని అడగకండి. డిపోకి ఫోన్ చేసి బస్సు టైము కనుక్కోండి. ఒక పూట పిల్లల్ని చూసుకోండి, అన్నం వండుకోండి. ఆఖరి బస్సు ఎప్పుడో చెప్పి, దిగేసరికి బస్టాండ్ దగ్గర ఉండండి.