మూసీ ఒడ్డున ఆగిన రైలు

మా మేనకోడలి పెళ్ళి నిశ్చయమైంది. బెజవాడ నుంచి అక్కయ్యా, బావగారూ రెండు పనులు పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. పెళ్ళికూతురికి లాడ్ బజారు గాజులు కొనాలి. పెళ్ళికొడుక్కి షేర్వానీ కుట్టించాలి. నా పెళ్ళికి షేర్వానీ కుట్టిన దర్జీగారు పురానీ హవేలీకి అవతల ఇంకా దుకాణం నడుపుతున్నారు. అక్కడికే తీసుకువెడతానన్నాను.

బావగారు రైల్వేలో ముప్ఫైఅయిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు గాజుల గొడవ పట్టలేదు. "ఏమోయ్, మెట్రోలో వెడదాం. మా బెజవాడకు కూడా వస్తుందంటూ ఇన్నేళ్ళనుంచీ వింటూనే ఉన్నాం. ముందుగా మీది చూసి ఉంచుకుంటాను" అన్నారు.

సికింద్రాబాదు పరేడ్ గ్రౌండు దగ్గర బండి ఎక్కాం. అక్కణ్ణుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకూ పదకొండు కిలోమీటర్లు, తొమ్మిది స్టేషన్లు. బండి ఆగిన తర్వాత కూడా ప్లాట్‌ఫారం బోలెడంత మిగిలిపోవడం బావగారి కంట పడింది.

"ఇంత ప్లాట్‌ఫారానికి మూడు పెట్టెలేనా?" అన్నారు.

"పొద్దున అమీర్‌పేటలో నిలబడండి బావగారూ, అప్పుడు తెలుస్తుంది. పెట్టెలు చాలడం లేదనే మా ఊరి తగాదాల్లో మొదటిది" అన్నాను.

"మరి రెండోది?"

మా ఊళ్ళో మెట్రో సంగతెత్తితే తగాదాకు కొదవ లేదు. బండి కదలగానే మొదలుపెట్టాను. 2008లో ఈ పని దక్కించుకున్న కంపెనీ, ప్రభుత్వం డబ్బివ్వడం మాట అలా ఉంచి, తామే ప్రభుత్వానికి ముప్ఫైవేల కోట్లకు పైగా ఇస్తామంది. రైలు కట్టేవాడు ఎదురు డబ్బిస్తాననడమేమిటని ఢిల్లీ మెట్రో కట్టించిన శ్రీధరన్‌గారు అప్పుడే హెచ్చరించారు. మర్నాటి సంవత్సరం ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వారితో కొత్త ఒప్పందం కుదిరింది. 2017 నవంబరులో మియాపూరు నుంచి నాగోలు దాకా మొదటి బండి నడిచింది. 2020 ఫిబ్రవరిలో మేము ఎక్కిన ఈ దారి తెరిచారు. మొత్తం అరవైతొమ్మిది కిలోమీటర్లయింది.

"టిక్కెట్ల మీద రైలు బతకదోయ్. ఆ సంగతి నన్నడుగు" అన్నారు బావగారు.

బతకలేదనే చెప్పుకున్నారు కూడాను. 2023 డిసెంబరులో బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. దానివల్ల మెట్రోకు జనం తగ్గారని ఒక వాదన. 2025 మేలో ఛార్జీలు పెంచి, జనం గోలపెట్టేసరికి ఆ పెంచినదానిలో పదోవంతు తగ్గించారు. ఆ సెప్టెంబరులో మొదటి దశను ప్రభుత్వమే తీసుకోవాలని ఇరుపక్షాలూ ఒక అవగాహనకు వచ్చాయి. ప్రజల రైలు ప్రజల చేతిలోనే ఉండాలని కొందరన్నారు. ఆ అప్పు కూడా ప్రజల నెత్తినే పడుతుందని మరికొందరన్నారు.

"ఉచితమైతే బస్సెక్కక ఏం చేస్తారు? నెలకు మిగిలే డబ్బుతో పిల్లల ఫీజు కట్టుకుంటారు" అంది అక్కయ్య కిటికీలోంచి చూపు మరల్చకుండానే. బావగారు ఆ వైపు తిరగలేదు.

సుల్తాన్ బజారు వచ్చింది. దుకాణాల మీదుగా, మేడల పక్కగా బండి సాగుతుంటే అక్కయ్య ముచ్చటపడింది. ఈ ముక్క కోసం ఏళ్ళ తరబడి పోట్లాట జరిగింది. పాత బజారు పాడవుతుందని వర్తకులు మొరపెట్టుకున్నారు. భూమి కింద వేద్దామన్న ఆలోచన 2014లో సాగింది. చివరికి స్తంభాల మీదనే వేశారు.

పావుగంట దాటి ఒకటి రెండు నిమిషాలకు మహాత్మాగాంధీ బస్ స్టేషను చేరాం. ఇక్కడ రెండు దారులు కలుస్తాయి. స్టేషను చాలా పెద్దది. కింద మూసీ. మా బండి అక్కడితో ఆఖరు. ఏటికి అవతల చార్మినారు, అటుపైన ఫలక్‌నుమా. మొదటి దశలోనే అక్కడిదాకా అయిదున్నర కిలోమీటర్లు వెయ్యాలని ఉంది. వెయ్యలేదు.

"ఏం? ఎందుకు ఆపారు?" అన్నారు బావగారు.

"ఇరుకు సందులు. మసీదులు, గుళ్ళు, అషూర్‌ఖానాలు, పాత కట్టడాలు. ఎటునుంచి వెయ్యాలో తేల్చుకోవడానికే ఏళ్ళు పట్టింది."

"అలాంటప్పుడు విమానాశ్రయానికి ముందు వెయ్యడమే మేలు. ఖాళీ జాగా. ఇళ్ళు పడగొట్టే పనే తక్కువ. డబ్బున్న ప్రయాణికులు."

ఇది బావగారి ఒక్కరి మాట కాదు. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి శంషాబాదు విమానాశ్రయానికి ముప్ఫైఒక్క కిలోమీటర్ల దారికి శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరగకముందే ప్రభుత్వం మారింది, దారీ మారింది. కొత్త ప్రభుత్వం విమానాశ్రయం దారిని నాగోలు, ఎల్బీనగరు, చాంద్రాయణగుట్టల మీదుగా తిప్పింది. పాతబస్తీ దారిని చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లకు పొడిగించి, 2024 మార్చిలో ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేసింది. రెండు శంకుస్థాపనల మధ్య పదిహేను నెలలు.

బయట ఆటో మాట్లాడుకున్నాం. దారుల్‌షిఫా, పురానీ హవేలీ దాటి దర్జీగారి దుకాణం చేరడానికి రైలు ప్రయాణం కన్నా ఎక్కువసేపే పట్టింది.

దర్జీగారు నన్ను గుర్తుపట్టి, "ఆయియే సాబ్, అమ్మగారూ కూర్చోండి" అని స్టూళ్ళు వేసి, చాయ్ తెప్పించారు. పెళ్ళికొడుకు కొలతల కాగితం తీసుకుని చదువుకున్నారు. ఆ మాటా ఈ మాటా మీద బావగారు రైలు సంగతి కదిపారు.

దర్జీగారు గోడవైపు చేయి చాపారు. రోడ్డు నూరడుగులు చేస్తారు. ఆ లెక్కన ముందు గది అంతా పోతుంది. మిషన్లు రెండూ ఆ గదిలోనే ఉన్నాయి. వెనక గదిలో కాపురం. ఆ ముందు గదిలో వారి నాన్నగారి కాలంనుంచీ కుట్టుపని సాగుతోంది.

"పరిహారం ఇస్తారు కదండీ" అన్నారు బావగారు.

"ఇస్తారు సాబ్. మా వీధిలో కొందరు చెక్కులు తీసుకున్నారు. డబ్బుతో గది దొరుకుతుంది. నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు దొరకరు."

"అయితే మీకు రైలు వద్దంటారు."

ఆయన కత్తెర పక్కన పెట్టారు. "అట్లెందుకు అంటాను? మా చిన్నోడు రాయదుర్గం దగ్గర కంపెనీల పనిచేస్తడు. రాను పోను నాలుగు గంటలు. ఇంటికొచ్చేసరికి వాడి బిడ్డ నిద్రపోతుంది. అటే గది తీసుకుని ఉంటానంటున్నడు. రైలొస్తే నా దుకాణం పోతది. రాకపోతే నా కొడుకు పోతడు. ఏది అడగమంటారో చెప్పండి."

బావగారు సమాధానం చెప్పలేదు. దర్జీగారే మళ్ళీ అన్నారు:

"నాకు భయం ఒక్కటే సాబ్. గది తీసుకుని రైలు తెస్తే సరే. గది తీసుకుని, రోడ్డు వేసి, రైలు సంగతి మళ్ళీ మొదటికొస్తే? అప్పుడు రెండూ పోయినట్టే కదా."

తర్వాత మేము గాజులు కొన్నాం. అక్కయ్య నాలుగు దుకాణాల్లో బేరమాడి, అయిదో దుకాణంలో అడిగినంతా ఇచ్చింది. తిరుగు బండిలో బావగారు చాలాసేపు మాట్లాడలేదు. ముషీరాబాదు దాటిన తర్వాత అన్నారు: "లెక్క ప్రకారం విమానాశ్రయం ముందనే ఇప్పటికీ అంటానోయ్. కాని మేము లైను వేసేటప్పుడు ఒక నియమం ఉండేది. ఒక స్టేషను పేరు టైంటేబుల్లో వేశామంటే అక్కడ బండి ఆగాలి. వీళ్ళు పదిహేనేళ్ళ కిందట పేరు వేశారు."

ఏది ముందు, ఏది వెనుక అని వాదించుకోవడం తప్పు కాదు. ఊరన్నాక వాదన ఉండాలి. 1932లో ఇరవైఏడు బస్సులతో మొదలైన ఊరి రవాణా ఇంత పెరిగిందంటే వాదనలేకుండా పెరగలేదు. కాని వాదన తేలేదాకా ఎవరో ఒకరు సామాను సర్దుకుని కూర్చోవలసి వస్తుంది. వారెవరో వాదించేవారికి తెలిసి ఉంటే మంచిది.

షేర్వానీ నెల రోజుల్లో ఇస్తామన్నారు. "అప్పటికి దుకాణం అక్కడే ఉంటుందిరా?" అని అక్కయ్య అడిగింది. నేను చెప్పలేకపోయాను.

"నేనే వచ్చి తీసుకువెడతాను" అన్నారు బావగారు.