మా బావురుకప్ప, వాళ్ళ పరాయి

పెదకాకానిలో చేలల్లోకి తొలి వాన నీళ్ళు చేరగానే బావురుకప్పలు పైకొస్తాయి. మగవైతే ఒళ్ళంతా పసుపు పూసుకున్నట్టుంటాయి. దవడల కింద నీలం సంచులు ఉబ్బించి రాత్రంతా అరుస్తాయి. ఆ గోల వినపడని ఏడు మా అమ్మమ్మ దాన్ని వానాకాలం కింద లెక్కేసేది కాదు. అలాంటి కప్ప, ఆక్రమణ జాతుల మీద రాసిన పరిశోధనలో ముద్దాయిగా కనపడితే నాకు మనసొప్పలేదు.

నేరస్థలం అండమాన్. అక్కడ ఈ కప్ప స్థానికం కాదు. గత పాతికేళ్ళలోనే దీవుల్లో విస్తరించింది. అంత ఉప్పు సముద్రం ఈది వెళ్ళడం కప్ప వల్ల కాదు. ప్రధాన భూభాగం నుంచి చెరువుల కోసం తీసుకెళ్ళిన చేపపిల్లల్లో కలిసి దీని తోకకప్పలూ వెళ్ళాయని పరిశోధకులు అంటారు.

నిత్యప్రకాశ్ మొహంతి, జాన్ మీజీ తదితరులు దీని తిండిని పరిశీలించారు. పెద్ద కప్పలు పురుగులతో ఆగవు, వెన్నెముక ఉన్న చిన్న జీవుల్నీ మింగుతాయి. అసలు దెబ్బ నీళ్ళలో ఉంది. 2019లో వెలువడిన ప్రయోగంలో, బావురుకప్ప తోకకప్పలతో కలిపి ఉంచిన రెండు స్థానిక జాతుల తోకకప్పల్లో ఒక్కటీ మిగల్లేదు. అందులో ఒకటి మైక్రోహైలా చక్రపాణి, ఆ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేని చిట్టి కప్ప.

ఇక్కడ కథ తిరగబడి ఉంటుంది. ఒకప్పుడు మన బావురుకప్పల కాళ్ళు టన్నుల్లెక్కన విదేశాలకు పోయేవి. కప్పల తక్కెడ అంటే మనకు సామెతే, వ్యాపారులకు మాత్రం నిజం తక్కెడ. పురుగుల్ని తినే కప్పలు పోతే పొలాలకు నష్టమని గోల పుట్టాక, 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపేసింది. ఇక్కడ కాపాడుకోవలసిన కప్పే అక్కడ అదుపు చేయవలసిన కప్ప.

దాని ఆకలి మారలేదు, చుట్టూ ఉన్నవాళ్ళు మారారు. మన దగ్గర నీరుకట్టె పాము, కొంగ, ఎండిపోయే గుంట, అన్నీ దానితో పాటే తరతరాలుగా బతికాయి. చక్రపాణి కప్పకు ఆ అలవాటుకు వ్యవధి దొరకలేదు.

అందుకే 'ఆక్రమణదారు' అన్న మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. తోకకప్పకు ఓడ ఎక్కాలన్న కోరిక లేదు. చేపపిల్లల్ని ఓడ ఎక్కించేముందు వలలో జల్లించి చూసుకోవడం మనుషుల పని. చక్రపాణి కప్పలు ఇంకా ఉన్న దీవుల వైపైనా ఆ పని జరగాలి.