పేరు అడగని గొంతు

మా దొడ్డబళ్ళాపురం మగ్గాల ఊరు. ఇక్కడి మన తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడతారు. మూడు భాషలు వచ్చినా, ఒంటికి సంబంధించిన సందేహం అడగడానికి వాళ్ళకు ఒక్క భాషా దొరకదు. ఇంట్లో అడిగితే "నీకెందుకురా ఆ సంగతి?" అంటాం. మందుల షాపులో అడుగుదామంటే ఆయన నాన్నగారి స్నేహితుడు.

అందుకే రాత్రిపూట ఫోనును అడుగుతారు. మన దేశంలో హెచ్‌ఐవి మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆంధ్రదేశంలో వెలసిన పులిరాజా హోర్డింగులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ బోర్డులు అందరిచేతా మాట్లాడించాయి గానీ, ఎవరి సొంత భయానికీ జవాబు చెప్పలేవు. ఫోను చెబుతుంది. చిక్కల్లా అందులో మంచి వైద్యుడూ దొంగ వైద్యుడూ పక్కపక్కనే దుకాణం పెట్టుకుని ఉండడం.

మా మేనల్లుడి స్నేహితుడొకడు అలాగే చిక్కుకున్నాడు. ఒక తొందరపాటు తర్వాత మూడు వారాలు నిద్ర మాని ఫోనులో లక్షణాలు చదివాడు. కాస్త జ్వరం తగలగానే అంతా అయిపోయిందనుకున్నాడు. పూర్తిగా నయం చేస్తామన్న ప్రకటన చూసి డబ్బు పంపబోతుంటే మావాడు ఆపి, "అత్తా, ఏం చేయమంటావు?" అని నన్నడిగాడు. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరు ఇచ్చాను. ఖర్చు లేని నంబరు.

అవతలి గొంతు పేరు అడగలేదట, మందలించలేదట. ఎన్ని రోజులైందని మాత్రం అడిగింది. 72 గంటల లోపల వస్తే సోకకుండా మందులు ఇవ్వవచ్చనీ, ఇప్పుడు ఆ గడువు దాటింది కనుక పరీక్ష చేయించుకుని, మూడు నెలలకు మరోసారి చూపించుకోవాలనీ చెప్పింది. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం. ఒకవేళ సోకినా 2004 నుంచి ప్రభుత్వమే మందులు ఉచితంగా ఇస్తోంది. వాటిని క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచినవారి నుంచి లైంగికంగా మరొకరికి సోకదు.

ఫోను సిగ్గు తీర్చగలదు గానీ, రక్తం తీయడానికి మనిషి దగ్గరికి వెళ్ళాల్సిందే. మావాడు తోడు వెళ్ళాడు. ఫలితం ఏమిటని నేనడగలేదు. 2018లో అమలులోకి వచ్చిన హెచ్‌ఐవి చట్టం కూడా ఆ గోప్యతనే కాపాడుతుంది. చట్టం సరే, మన నోళ్ళ సంగతేమిటి? ఆసుపత్రి వరండాలో మనవాళ్ళబ్బాయి కనిపిస్తే సాయంత్రానికి ఊరంతా తెలియజేసేది మనమే కదా!

అందుకని ఒక చిన్న మనవి. మీ ఇంటి క్యాలెండరు మీద 1097 అని రాసి ఉంచండి. దాన్ని ఎవరు చూసుకున్నారో, ఎందుకు చూసుకున్నారో మాత్రం అడగకండి.